కాపీ ఎవరిది, చెయ్యి ఎవరిది?

ఈమధ్య ఒక ఈబుక్ కొన్నాను. ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు, ఈమెయిల్ ఉన్నాయి. ఒక స్నేహితురాలు అడిగింది, "చదివేశావుగా, నాకోసారి పంపవే!" అని. కాయితం పుస్తకమైతే వెంటనే ఇచ్చేసేదాన్ని. ఈసారి చెయ్యి ఆగింది. ఆపింది నిజాయితీ అనుకుంటే బాగుండేది గానీ, ఆపింది భయం. ఆ ఫైలు ఆమె దగ్గర్నుంచి ఎటు పోయినా బయటపడేది నా పేరే.

ఇది కంటికి కనబడే గుర్తు. కనబడనివీ ఉన్నాయి. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి కాయితం మీదా సన్నటి పసుపు చుక్కలు వేస్తాయి. 2005లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఒక జిరాక్స్ మోడల్ చుక్కల్ని చదివి చూపించింది: ప్రింటర్ సీరియల్ నంబరు, తేదీ, సమయం. డిజిటల్ ప్రొజెక్టర్లు సినిమా బొమ్మలోనే థియేటర్ గుర్తునీ, ఆడిన సమయాన్నీ దాచిపెడతాయి. ఎవరైనా ఫోన్‌తో తీసిన కాపీ దొరికితే ఏ హాలో, ఏ ఆటో చెప్పొచ్చు. ఏ సీటో మాత్రం చెప్పలేం.

నా పేచీ అంతా ఆ సీటు దగ్గరే.

2004లో ఆస్కార్ ఓటర్లకు పంపిన సినిమా టేపుల కాపీలు ఇంటర్నెట్లో తేలాయి. గుర్తుల్ని పట్టుకుని వెళితే నటుడు కార్మైన్ కరిడి పేరు వచ్చింది. టేపులు ఆయన ఇంకొకరికి ఇచ్చిన మాట నిజం. ఆ మనిషి సినిమా పిచ్చితో అడుగుతున్నాడనుకున్నానని ఆయన చెప్పుకున్నారు. అకాడమీ ఆయన్ని బహిష్కరించింది. గుర్తు తప్పు చెప్పలేదు. కానీ ఆయనకి తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా అన్నది గుర్తుకి అందే ప్రశ్న కాదు. అది మనుషులే తేల్చుకోవాలి.

పైగా ఈ గుర్తులు అందరి మీదా ఒకేలా పనిచేయవు. ఒకే ఫైలు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి పోలిస్తే, తేడా ఉన్నచోట గుర్తు ఆచూకీ దొరుకుతుంది. పసుపు చుక్కల్ని పనికిరాకుండా చేసే సాఫ్ట్‌వేర్‌ని డ్రెస్డెన్ పరిశోధకులు 2018లోనే బయటపెట్టారు. తెలిసినవాడు చెరుపుకుంటాడు. దాచాలన్న ఆలోచనే లేనివాడి పేరు చెక్కుచెదరకుండా మిగులుతుంది.

అలాగని గుర్తులే వద్దనలేను. రిలీజైన రోజే సినిమా ఫోన్లలోకొస్తే నష్టపోయేవాళ్ళూ మనుషులే. వాళ్ళ సొత్తు మీద వాళ్ళు ముద్ర వేసుకోవడంలో తప్పేముంది?

ఊళ్ళో ముద్ర వేసిన ఎద్దు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలేవాళ్ళు. జరిమానా కట్టి విడిపించుకునేది యజమానే. అంతవరకూ న్యాయమే. కానీ అతన్ని పంట దొంగ అని ఎవరూ అనలేదు. ముద్ర ఎద్దు ఎవరిదో చెబుతుంది, పలుపు ఎవరు విప్పారో చెప్పదు. బాధ్యతకీ నేరానికీ మధ్య ఆ తేడా పాత ఊరికి తెలుసు. ఒక్క క్లిక్కుతో అకౌంట్ మూసేసే వ్యవస్థలకి తెలుసా అన్నదే నా అనుమానం. గుర్తు దొరకడం విచారణకి మొదలు కావాలి. దాంతోనే తీర్పు ఇచ్చేస్తే, ఎవరికైనా ఏదైనా ఇవ్వడమే నేరమైపోతుంది.

చివరికి ఆ ఫైలు పంపలేదు. నా ట్యాబే ఆమె చేతికిచ్చాను. "పేజీ పేజీకీ నీ పేరేంటే, నువ్వే రాసినట్టు!" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఫైలు పంపకపోవడానికి కారణం ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.