తండ్రి కోరిక, కొడుకు ధర్మము

తల్లిదండ్రులను సేవింపవలెనని మనకు బోధించినవారు పెక్కుమంది గలరు. ఆ సేవ యెట్టిదో విచారించినవారు తక్కువ. వేళకు అన్నము పెట్టుట, మందు ఇప్పించుట, పండుగనాడు పాదములకు నమస్కరించుట, ఇంతటితో పుత్రధర్మము ముగిసినదని మనలో ననేకులు తలంచుచున్నారు. అయితే ముదుసలియైన తండ్రి యొకనాడు ప్రమాదముతో గూడిన కోరిక యొకటి కోరెనేని కొడుకేమి చేయవలెను? దానిని తీర్చుట సేవయా, వారించుట సేవయా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక, పరదేశమున నొక పొరుగింటి వసారాలో నెదురైనది. దానిని చదువరుల యెదుట నుంచుచున్నాను.

నేను కొంతకాలము అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున నా కుమార్తె యింట నుంటిని. ప్రక్కయింట నేబదియేండ్లు దాటిన గృహస్థుడొకడు తన తండ్రితో గూడ నివసించుచుండెను. ఆ వృద్ధునకు డెబ్బదియెనిమిదేండ్లు. యౌవనమునుండి శరత్కాలము వచ్చినంతనే కొండలకు పోయి ఎల్క్ అను మృగమును వేటాడుట ఆయన వాడుక. మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. ఒక చెవి సరిగా వినబడదు. కొన్నియేండ్లుగా కొండకు పోలేదు. ఒకనాటి సాయంకాలము ఆయన కొడుకుతో, "ఇంకొక్కసారి పోవలెనని యున్నది" అనెను. అంతకుమించి యేమియు ననలేదు. ఆ యొక్క మాట ఆ యింటిని ఆరుమాసములపాటు కలవరపరచినది.

ఎల్క్ మన యడవులలోని కణుజువలె జింకజాతికి జేరినది. పోతు సుమారు మూడువందల కిలోగ్రాములు తూగును. దానికి వపిటి యను పేరును గలదు. అది షానీ యను నాదిమజాతివారి మాట. తెల్లని పిరుదులు గలదని యర్థము. కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. సెప్టెంబరు మాసమున, జోడుగట్టు వేళ, పోతు వేయు కేక లోతైన స్వరమున మొదలై, ఈలవలె పైకెగసి, గురకలతో ముగియును. ఒకసారి విన్నవారు మరువరని అచ్చటివారు చెప్పుదురు.

వేట తగునా తగదా యను ప్రశ్నను మొదట తేల్చుకొనక తప్పదు. ఏలయన, తండ్రి కోరినంత మాత్రమున తప్పు ఒప్పు కాజాలదు. నేను మాంసము తినువాడను గాను. కావున ఈ విషయమున నా మనస్సు ముందే యొకవైపు మొగ్గియున్నది. అయినను సత్యమును సత్యముగా జెప్పవలెను. ఇరువదవ శతాబ్దారంభమునాటికి ఉత్తర అమెరికాలో ఈ మృగములు లక్షకంటె తక్కువ మిగిలెను. మాంసమునకును, చర్మమునకును, తుదకు దంతములకును వానిని హద్దులేక చంపియుండిరి. రాకీ పర్వత జాతీయోద్యానమున్న ప్రాంతమున నవి దాదాపు నశింపగా, 1913, 1914 సంవత్సరములలో యెల్లోస్టోన్ నుండి కొన్నింటిని దెచ్చి విడిచిరి. నేడు ఆ ఖండమున సుమారు పదిలక్షలు గలవు. అందు రెండున్నర లక్షలకు పైగా కొలరాడోలోనే యున్నవి. అవి ఇట్లు పెరుగుటకు వేటకాండ్ర సొమ్మును కొంత కారణము. 1937లోని పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టమువలన తుపాకులపైనను గుండ్లపైనను వచ్చు పన్ను చాలవరకు వన్యమృగముల రక్షణమునకు వినియోగింపబడుచున్నది. మరి జాతీయోద్యానమున వేటయు లేక, పూర్వమున్న తోడేళ్లును లేక, ఈ మృగములు మితిమీరి పెరిగి, వాగులవెంటనున్న విల్లో పొదలను, ఆస్పెన్ మొక్కలను మేసివేసినవి. తోడేళ్లను మనుష్యులే నిర్మూలించిరి. 2020లో ప్రజలు ఓటు వేసి కోరగా, 2023 డిసెంబరులో వానిని మరల ఆ రాష్ట్రపు కొండలలో విడిచిరి. ఇన్ని విషయములు చూచినపిమ్మట, లెక్కకు లోబడి, తినుటకై, బాధ లేకుండ చంపు వేటను కేవలము క్రౌర్యమని నేను కొట్టివేయజాలను. కొమ్ములను గోడకు తగిలించుకొనుటకై చంపుట మాత్రము నా కెన్నడును సమ్మతము గాదు.

మన పురాణములును ఈ విషయమున సూక్ష్మదృష్టి గలవియే. పాండురాజు జోడుగట్టియున్న మృగమును గొట్టినపుడు, ఆ మృగరూపములోనున్న ముని చంపుటను నిందింపలేదు. అట్టి సమయమున చంపుటను నిందించెను. కొలరాడోలో విల్లుతో వేటాడువారికి సెప్టెంబరే ముఖ్యకాలము. పోతు కేకను గొట్టముతో ననుకరించి దానిని దరికి రప్పింతురు. నా పొరుగువాడు ఆ కాలమును విడిచి అక్టోబరు నేర్పరచుకొనెను. కారణమడుగగా, "నాన్నకు ఆ కేక సంగీతము. దానినే వలగా చేయుట ఆయన కెన్నడును ఇష్టము లేదు" అనెను. ఆ వృద్ధుడు మహాభారతమును విన్నవాడు గాడు. ధర్మసూక్ష్మము ఒక్క దేశపు సొత్తు గాదని నాకప్పుడు తోచినది.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. అచ్చటి శిబిరములు ఎనిమిదివేల అడుగులకు పైన నుండును. పదివేల అడుగుల యెత్తున, సముద్రతీరమున నూపిరికి దొరకు ప్రాణవాయువులో సుమారు మూడవవంతు తక్కువపడును. మంచు కురియవచ్చును, గుర్రము జారవచ్చును, వైద్యశాల గంటల దూరమున నుండును. ఇది తెలిసి కూతురు అన్నతో, "నాన్నను చంపుటకు గొనిపోవుచున్నావా?" అని యడిగెను. కొడుకు బదులు చెప్పలేక నా వసారాకు వచ్చి కూర్చుండెను.

అతనికి నేనేమి చెప్పుదును? నా తండ్రి విషయమున నేను చేసినది నాకు జ్ఞాపకము వచ్చెను. మా నాయనగారు డెబ్బదియారవ యేట అలిపిరినుండి మెట్లదారిని నడచి తిరుమల కొండ యెక్కవలెనని కోరిరి. మూడువేల ఐదువందలకు పైబడిన మెట్లవి. నేను వైద్యుని నడుగలేదు. ఏల కోరుచున్నారని వారిని నడుగలేదు. "ఈ వయస్సున మీకేల నాయనగారూ, కారులో తీసికొనిపోయెదను" అంటిని. వారు "సరే, నీ యిష్టము" అనిరి. కారులోనే పోయితిమి, దర్శనము చక్కగా నయ్యెను. దిగివచ్చునపుడు కొంతదూరము మెట్లదారి రోడ్డు ప్రక్కనే సాగును. నడచి యెక్కుచున్న జనమును వారు కిటికీలోనుండి చూచుచునే యుండిరి, మాటాడలేదు. మరుసటియేట మంచముమీదనే కన్నుమూసిరి. వారి ప్రాణమును గాపాడితినని ఆనాడు నేను తృప్తిపడితిని. దేనిని గాపాడితినో నేడు నాకు తెలియకున్నది.

మన యిండ్లలో వృద్ధులకు గౌరవము కొదువలేదు, స్వాతంత్ర్యమే కొదువ. స్త్రీని దేవతయని పొగడుచు నామె నోరు మూయించిన సంఘమే, తండ్రిని దైవమని పూజించుచు ఆయన మాటను చిన్నపిల్లవాని మాటగా త్రోసివేయుచున్నది. విగ్రహమునకు నైవేద్యము పెట్టుదుము గాని, నీకేమి కావలెనని దాని నడుగము. తండ్రి విగ్రహము గాడు. తెలివి స్థిరముగా నున్నంతకాలము తన దేహమునకు రాదగిన ప్రమాదమును తూచుకొను నధికారము ఆయనదే. కొడుకు తెలియజెప్పవచ్చును, వైద్యుని చూపవచ్చును, బ్రతిమాలవచ్చును, ఆజ్ఞాపింపరాదు. "ఆయనకేమైన నైనచో దుఃఖించువారము మేము గదా" యందురేమో. ఆ దుఃఖము నిజమైనదే. కాని ప్రేమవలన దుఃఖించు హక్కు కలుగును గాని యేలెడు హక్కు కలుగదు.

అయితే ఇందొక భేదము గలదు. మెట్లెక్కువాడు పడినచో తానే పడును. తుపాకి పట్టినవాని పొరపాటు ఇతరుల ప్రాణములమీదికి వచ్చును. దశరథుడు చీకటిలో శబ్దమును బట్టి బాణము వేసెను. ఏనుగనుకొన్నది, అంధులైన వృద్ధ తల్లిదండ్రులకు నీరు ముంచుచున్న ముని కుమారుడు. వృద్ధులను సేవించు కొడుకునే వేటకాని పొరపాటు బలిగొన్న యా కథను మించిన హెచ్చరిక మరియొకటి లేదు. కొలరాడోలో తుపాకితో వేటాడు ప్రతివాడును టోపీతో గూడ, దూరమునకు గానవచ్చు నారింజరంగునో గులాబిరంగునో ధరింపవలెనను చట్టము ఇట్టి భయమునుండియే పుట్టినది. అదే రాష్ట్రమున 1949 జనవరి 1వ తేదీనాడును తరువాతను బుట్టినవారు వేటశిక్షణము పొందియుండవలెను. అంతకుముందు బుట్టినవారికి ఆ నిబంధన లేదు. ఆ వృద్ధునకును మినహాయింపు గలిగెను. కాని చట్టము మినహాయించినంత మాత్రమున కన్ను మినహాయింపదు. వణకు చేయి మినహాయింపదు. గుండు తగులవలసినచోట తగులనిచో మృగము గాయముతో దూరముగా పరుగిడి గంటలకొలది బాధపడి చచ్చును. తండ్రి ముచ్చటకు ఆ మృగమేల బాధపడవలెను?

కావున తన ప్రాణమున కైన ప్రమాదము తండ్రి యిష్టము. ఇతర ప్రాణుల కైన ప్రమాదము ఆయన యిష్టమునకు మించినది. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే మన యిండ్లలో వివాదములు పుట్టుచున్నవి. ఒకడు అన్నింటికి నొప్పుకొనును. మరియొకడు అన్నింటికి నడ్డు చెప్పును. హద్దు ఎక్కడనో ఇద్దరును వెదుకరు.

ఆ పొరుగింట హద్దును వెదకిరి. అది వెదకినవాడు కొడుకు గాడు, తండ్రియే. ఆయన మొదట కూతునకు తానే ఫోను చేసి, "నన్నెవరును తీసికొనిపోవుటలేదు, నేనే పోవుచున్నాను, నాకేమైనను నీ యన్నను నిందింపకుము" అని చెప్పెను. పిమ్మట వైద్యునికడకు పోయి గుండె పరీక్ష చేయించుకొనెను. ఆమీద ఒక కాగితముపై తానే వ్రాసెను: నూరుగజముల దూరమునుండి భోజనపు పళ్లెమంత గురిలో ఐదు గుండ్లును పడవలెను, పడనిచో తుపాకి పట్టను. దానిని వంటయింటి గోడకు నంటించెను. మనస్సు శాంతముగా నున్నపుడు తానే పెట్టుకొన్న నిబంధన, ఆవేశము వచ్చినపుడు పరులు పెట్టు నిబంధనకంటె వేయిరెట్లు మేలు. అందు అవమానము లేదు.

మార్గదర్శిని గూర్చియు నొక మాట చెప్పవలెను. పొరుగు రాష్ట్రమైన వయోమింగులో, ప్రభుత్వము వన్యప్రదేశములుగా నేర్పరచిన భాగములలో బయటి రాష్ట్రమువారు పెద్దమృగములను వేటాడవలెనన్నచో అనుమతిగల మార్గదర్శియో ఆ రాష్ట్రవాసియో వెంట నుండితీరవలెను. కొలరాడోలో తన రాష్ట్రమువానికి అట్టి నిర్బంధము లేదు. అయినను కొడుకు తన శక్తిని దానెరిగి యొకని నేర్పరచుకొనెను. కొన్నివేల డాలరుల ఖర్చు. సొమ్మిచ్చితిమి గదా యని తండ్రి రోగములను దాచిన యెడల, ఆ కూలివానిమీద అతడెరుగని భారము మోపినట్లగును. కొడుకు ఏమియు దాచలేదు. మోకాలు, చెవి, మందులు అన్నియు జెప్పెను. అంతయు విని మార్గదర్శి కొడుకును విడిచి తండ్రివైపు తిరిగి యొక్క ప్రశ్న యడిగెనట: "అయ్యా, మీకేది చాలును?"

ఆరుమాసములలో నెవరును ఆ ప్రశ్న యడిగియుండలేదు. వృద్ధుడు కొంతసేపు ఆలోచించి, గుడారములో పొయ్యి పొగ వాసన, తెల్లవారక ముందు గుర్రపు జీను చప్పుడు, దొరకెనా యొక కేక, ఇవి చాలుననెను. మృగము పేరెత్తలేదు.

ఆగస్టులో గురి చూచిరి. ఐదింటిలో మూడు గుండ్లు పళ్లెమున బడెను, రెండు తప్పెను. కొడుకు "మరల ప్రయత్నింతము" అనెను. వృద్ధుడు తుపాకిని తుడిచి పెట్టెలోనుంచి, "దుర్బిని తెచ్చెదను" అనెను. ఆ సాయంకాలము ఆయన యెవరితోను మాటాడలేదట. ఆ మౌనము తేలికైనది గాదు. ఏబదియేండ్ల వాడుకను ఒక్క దినమున దించివేయుట యెంత బరువో దించినవారికే తెలియును. కాని దించినవాడు తానే, ఎవరును లాగికొనలేదు.

అక్టోబరులో తండ్రికొడుకులు కొండకు పోయి అయిదుదినము లుండిరి. కొడుకునకు మృగము చిక్కలేదు. తండ్రి క్షేమముగా వచ్చెను. క్షేమముగా రాకపోయినను ఆ నిర్ణయము న్యాయమైనదే యని నా యభిప్రాయము. ఫలమును బట్టి ధర్మమును నిర్ణయించుట జూదరి పద్ధతి. కేక వినబడెనా యని నేనడిగితిని. "ఒక్కసారి. నాకు వినబడలేదు. మావాడు చెయ్యెత్తి ఆ దిక్కు చూపెను, చాలును" అనెను.

ధర్మవ్యాధుడు మాంసమమ్మి జీవించుచు, వృద్ధులైన తల్లిదండ్రుల సేవయే తనకు పరమధర్మమని కౌశికునకు బోధించెనని మనము చదువుకొన్నాము. ఆయన వృత్తినిబట్టి మనము ఆయనను తక్కువచేయలేదు. అట్లే తుపాకి పట్టు దేశమువారినుండి నేర్వదగినది గలదేని నేర్చుటకు సిగ్గుపడరాదు. మీ యింట ముదుసలి తండ్రి యుండవచ్చును, తల్లి యుండవచ్చును. వారు కాశి కోరవచ్చును, పుట్టిన యూరు కోరవచ్చును, మనకు నవ్వు పుట్టించునది మరేదైన కోరవచ్చును. ఔననుటకును కాదనుటకును ముందు వారి ప్రక్కన గూర్చుండి, "మీకేది చాలును?" అని యడుగుడు. అడిగి, బదులు వచ్చువరకు మాటాడక యుండుడు. నాకు అడుగుటకు ఇక తండ్రి లేరు.