దొంగతనమూ, సాక్ష్యమూ

పేదరికమే దొంగల్ని తయారుచేస్తుందని నమ్మేవాడి జేబును ఎవడో కొట్టేస్తే, అతనికి కోపం తెచ్చుకునే హక్కు ఉంటుందా? ప్రశ్న నవ్వు పుట్టించేదిగా కనిపించవచ్చు. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో చాలామంది దీనికి సూటిగా జవాబు చెప్పలేరు. కోప్పడితే సిద్ధాంతానికి ద్రోహం చేసినట్టూ, కోప్పడకపోతే కష్టార్జితానికి విలువ లేదన్నట్టూ అనిపిస్తుంది. ఈ ఇరకాటం సిద్ధాంతంలో లేదనీ, దాన్ని మనం వాడే తీరులో ఉన్నదనీ నా అభిప్రాయం.

ఉద్యోగరీత్యా నేను కొంతకాలం రోములో ఉన్నాను. అక్కడి టెర్మిని స్టేషను నుంచి వాటికన్ వైపు పోయే 64వ నంబరు బస్సు జేబుదొంగలకు పేరుపడ్డది. నా పర్సు పోయింది ఆ బస్సులోనే. డబ్బు పెద్దగా లేదు గాని, పరాయివాడు ఇటలీలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు అందులో ఉంది. సొంత ఊళ్లో పర్సు పోతే డబ్బు పోతుంది. వలసవచ్చినవాడికి పర్సు పోతే, తాను అక్కడ ఉండవచ్చుననే రుజువే పోతుంది. ఆ కార్డుకు నకలు కావాలంటే ముందు పోలీసు ఠాణాకు పోయి ఫిర్యాదు రాయించాలి. అంచేత నేను కోరినా కోరకపోయినా సాక్షిని కావలసివచ్చింది.

తీసినవాణ్ణి నేను చూడలేదు. ఆ మాటే రాయించాను. విచిత్రమేమంటే, నేను చూడని దొంగ ఎవరో మిగతా వాళ్లందరికీ తెలుసు. బస్సులో నా పక్కన కూచున్నావిడా, ఠాణాలో నా వెనక నిలబడ్డాయనా "జింగరీలు" అని ఒకే మాట అన్నారు. రోమాలనే జాతిని అక్కడివాళ్లు చిన్నచూపుతో పిలిచే పేరది. రోము నగరానికీ ఆ జాతి పేరుకూ సంబంధం లేదు. నిజానికి వాళ్ల భాష మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. ఇక అక్కడే పనిచేస్తున్న తెలుగు మిత్రుడొకాయన, ఎర్రజెండా కింద పెరిగినవాడు, "నీ పర్సు తీసింది మనిషి కాదోయ్, ఆకలి" అన్నాడు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ దొంగను చూడలేదు.

మొదటి ఇద్దరి జవాబు తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మరింత గట్టిపరచి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేసింది. దాంతో ఒక కులంలో పుట్టడమే నేరానికి రుజువైపోయింది. పేర్లు పట్టీకెక్కించటం, హాజరు వేయించుకోవటం, వేలిముద్రలు తీసుకోవటం జరిగాయి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను చేర్చింది ఆ విధానం కిందనే. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా 1991లో సైతం ఆ ఊరిపేరు పెట్టుకుని దొంగల సినిమాలు వచ్చాయి. చట్టం పోయినంత తేలికగా నింద పోదు.

ఇటలీలోనూ ఇదే తంతు. 2008 మే నెలలో అక్కడి ప్రభుత్వం, రోము నగరం ఉన్న లాజియోతో సహా మూడు ప్రాంతాలలో "సంచారజాతుల" పేరిట అత్యవసర పరిస్థితి ప్రకటించింది. శిబిరాలలో జనాన్ని లెక్కించారు. పిల్లల వేలిముద్రలు కూడా తీసుకోవాలని హోంమంత్రి అన్నాడు. అది చట్టవిరుద్ధమని ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తేల్చేసరికి 2011 నవంబరు వచ్చింది. ఇటువంటి ఉత్తర్వులకు ముడిసరుకు ఏది? నా బోటివాళ్ల పర్సులు పోవటమే. బాధితుడి కోపాన్ని అరువు తెచ్చుకుని ప్రభుత్వాలు ఒక జాతిమీద ప్రయోగిస్తాయి. కాబట్టి ఫిర్యాదులో అతను చేర్చే ఒక్క అదనపు మాట చిన్న విషయం కాదు.

ఇక నా మిత్రుడి జవాబు. ఇది దయగల మాట. కాని దీన్ని కూడా పరీక్షించక తప్పదు. ఆకలే దొంగతనం చేసేదయితే, ఆకలితో ఉండీ దొంగతనం చేయని కోట్లాదిమంది మాటేమిటి? ఆ బస్సులో తెల్లవారుజామున ఎక్కేది ఇళ్లూ ఆఫీసులూ తుడిచేవాళ్లు, ముసలివాళ్లకు సేవచేసి బతికేవాళ్లు. కార్లలో తిరిగేవాడి జేబు బస్సు దొంగకు అందదు. అందేది వీళ్ల జేబే. 1845లో ఎంగెల్సు ఇంగ్లండు కార్మికుల స్థితిగతులను గురించి రాస్తూ, దొంగతనాన్ని కార్మికుడి తిరుగుబాటుకు మొట్టమొదటి రూపంగా, అత్యంత మోటైన, నిష్ఫలమైన రూపంగా లెక్కగట్టాడు. ఆయన కారణం చెప్పాడేగాని కితాబివ్వలేదు.

ఈ సంగతిని రోములోనే తీసిన ఒక సినిమా చక్కగా చూపింది. డిసీకా "సైకిల్ దొంగలు" 1948లో తయారయింది. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దాన్ని చూపారు. దుప్పట్లు తాకట్టుపెట్టి విడిపించుకున్న సైకిలు, పనిలో చేరిన మొదటిరోజే పోతుంది. తీసినవాడూ పేదవాడే. వాడి పేదరికం చూసినంత మాత్రాన ఆంటోనియో నష్టం తీరదు, అతని కోపం తప్పూ కాదు. చివరకు తానే ఒక సైకిలు దొంగిలించి దొరికిపోయినప్పుడు, ఆ సైకిలు యజమాని అతణ్ణీ, పక్కన ఏడుస్తున్న కొడుకునూ చూసి వదిలేస్తాడు. గమనించండి: ఆ యజమాని ఏ సిద్ధాంతాన్నీ వల్లించలేదు. తన ఎదుట నిలబడ్డ మనిషిని చూశాడు. క్షమ అయినా, శిక్ష అయినా చూసిన మనిషికే చెందుతుంది.

"జాతి తీసింది" అనటమూ, "ఆకలి తీసింది" అనటమూ సమానమైన తప్పులని నేననను. మొదటిది మనుషులను శిబిరాలకు పంపుతుంది. రెండోది ఎవరినీ పంపదు. కాని రెండూ మనిషిని దాటిపోతాయి. ఒక సమాజంలో ఇంతమంది దొంగలు ఎందుకున్నారనే ప్రశ్నకు పేదరికం జవాబు. ఆ జవాబుతో ఇళ్లకోసం, బడులకోసం, పనికోసం పోరాడాలి. ఈ పర్సు ఎవరు తీశారనే ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. కోపం వచ్చినవాడు కోప్పడవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. కాని అందులో తాను చూసినదే రాయించాలి. చూడనిదాన్ని చూసినట్టు చెప్పటాన్ని మన పల్లెల్లో కూడా అబద్ధసాక్ష్యమనే అంటారు.