బటన్‌లో పవర్ ఉండదు

వీడియోలో క్లుప్తంగా చెప్పిన విషయం ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

నాన్నగారు పోయిన ఏడాదికి ఆయన ఫోన్ బయటికి తీశాను. ఆయన గొంతు రికార్డింగులు కొన్ని అందులోనే ఉండిపోయాయి. ఛార్జింగ్ పెడితే బ్యాటరీ బొమ్మ వస్తోంది కానీ, పవర్ బటన్ ఎంత నొక్కినా ఫోన్ ఆన్ అవ్వట్లేదు. రిపేర్ షాపతను విప్పి చూసి, "ఫోన్‌కేం కాలేదు సార్, బటనే పోయింది" అన్నాడు.

ఆ బటన్ లోపల ఏముంటుందో తెలుసా? పెసరగింజంత పల్చటి రేకు, బోర్లించిన గిన్నెలా. నొక్కితే టక్కున కుంగి, కిందున్న కాంటాక్ట్‌ని తాకుతుంది. వేలికి తెలిసే ఆ 'టిక్' అదే. వేలు తీస్తే మళ్ళీ తన ఆకారానికి వచ్చేస్తుంది.

అసలు విషయం ఏంటంటే, ఫోన్‌ని నడిపే కరెంటు ఆ బటన్ గుండా పోదు. అది పంపేది చిన్న సిగ్నల్ మాత్రమే. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, బ్యాటరీలో ఛార్జ్ ఉన్నంతసేపు, పవర్ చిప్‌లో ఒక చిన్న భాగం మేలుకునే ఉంటుంది. ఆ సిగ్నల్ కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

అది వినగానే నాకు కఠోపనిషత్తు గుర్తొచ్చింది. చనిపోయాక మనిషి ఏమవుతాడని అడిగిన నచికేతుడికి యమధర్మరాజు ఏం చెప్తాడు? అన్నీ నిద్రపోతున్నా లోపల ఒకడు మేలుకునే ఉంటాడు, అతడే బ్రహ్మం అంటాడు. చిప్‌కి బ్యాటరీ కావాలి, ఆయనకి ఏదీ అక్కర్లేదు. పోలిక అంతవరకే.

నిజం చెప్తున్నాను, నాన్నగారు పోయాక నేను దీపం పెట్టడం మానేశాను. అంత మొక్కినా కాపాడలేదు కదా అని కోపం. నా ప్రార్థనలోనే పవర్ ఉందనుకున్నాను, గట్టిగా నొక్కితే అనుకున్నది జరిగి తీరాలనుకున్నాను. కాదండీ. ప్రార్థన మనం అడిగింది తెచ్చిపెట్టే మీట కాదు. మేలుకుని ఉన్నవాడిని తాకే చిన్న స్పర్శ, అంతే.

ఇంకో మాట. రేకు తాకిన మొదటి కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. ఆ అదురుని లెక్కలోకి తీసుకోకుండా, సిగ్నల్ నిలకడగా ఉందా అని చూస్తారు. పైగా ఆఫ్‌లో ఉన్న ఫోన్ ఆన్ అవ్వాలంటే బటన్ కాసేపు పట్టి ఉంచాలి. మన జపం ఎలా ఉంటుంది? ఇలా తాకి అలా వదిలేస్తాం. మనసు చంచలమని అర్జునుడు వాపోతే కృష్ణుడు కాదనలేదు. అభ్యాసంతో, వైరాగ్యంతో అది నిలుస్తుందన్నాడు.

కొత్త బటన్ వేశాక ఫోన్ ఆన్ అయింది. మొదటి రికార్డింగులో నాన్నగారు, "భోంచేశావా నాన్నా?" అంటున్నారు. ఆ సాయంత్రం దీపం పెట్టాను. ఏమీ కోరుకోలేదు.

రేపు పొద్దున ఫోన్ బటన్ నొక్కేముందు ఒక్క నిమిషం మీ ఇష్టదైవం నామం చెప్పుకోండి. కోరిక వద్దు, తొందర వద్దు. కాసేపు పట్టి ఉంచండి చాలు.

ఓం నమో నారాయణాయ.