కోత ఎవరి కూలిలో?

భివండి సాంచాల పనికి ఒక లెక్క ఉంది. కూలి మీటరుకింత. గుడ్డలో పోగు తప్పినా, మరక పడినా కోత పడేది నేసినవాడి కూలిలోనే. నాసిరకం నూలు ఇచ్చిన సేటుకి గాని, సాంచా బాగు చేయించని కార్ఖానా యజమానికి గాని అది తగలదు. ముప్పై అయిదేళ్లుగా ఈ లెక్క చూస్తున్నాను. ఇదే లెక్క మరోచోట కూడా నడుస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తొంభైల మొదట్లో నేను కరీంనగర్ జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి. పన్నెండు గంటల షిఫ్టు, బిస్సీలో తిండి, పదిమందికి ఒక గది. సెలవు దొరికితే వీడియో పార్లర్. ‘రేష్మా కీ జవానీ’ అక్కడే చూశాను. 1989లో మలయాళంలో వచ్చిన ‘లయనం’కి అది హిందీ డబ్బింగు. పార్లరువాడు మధ్యమధ్య వేరే బిట్లు కలిపేవాడు. ఆ ఒళ్లు ఎవరివో మాకు తెలియదు. అన్నీ ఆమెవేనని చెప్పుకునేవాళ్లం. ఆమె మన తెలుగు మనిషేనని ఎవరో అంటే గదంతా నవ్వులు. నేనూ నవ్వాను.

ఆమె సిల్క్ స్మిత. అసలు పేరు విజయలక్ష్మి, ఏలూరు దగ్గర కొవ్వలి. నాలుగో తరగతితో చదువు ఆగింది. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. ఆ కాపురం నిలవక మద్రాసు చేరి, తారలకి టచప్ చేసే పనితో మొదలుపెట్టింది. 1980లో తమిళ ‘వండిచక్కరం’లో ఆమె వేసిన పాత్ర పేరు సిల్క్. ఆ పేరే ఆమెకు అతుక్కుపోయింది. 1981లో ‘సీతాకోకచిలుక’లో శరత్‌బాబు భార్యగా ఆమెను చూసినవాళ్లకి ఆమెకు నటన వచ్చునని తెలుసు. పరిశ్రమ ఆమెను ఎక్కువగా అడిగింది అది కాదు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో తన ఇంట్లోనే చనిపోయింది. అప్పటికి వయసు 35.

‘లయనం’ తీసిన దర్శకుడు తులసీదాస్. ఆయన 1990లో ‘కౌతుక వార్తకళ్’, 1991లో ‘మిమిక్స్ పరేడ్’ తీశాడు. రెండూ ఇంటిల్లిపాదీ చూసే హాస్య చిత్రాలే. ‘లయనం’ ఆయనకు ఇంటిపేరు కాలేదు. కాకపోవడమే న్యాయం. మనిషి ఒక పని చేసి దాన్ని దాటిపోవచ్చు, దాటిపోనివ్వాలి కూడా. ఐ.వి.శశి 1978లో ‘అవళుడె రావుకళ్’ అనే పెద్దలకు మాత్రమే చిత్రం తీసి, 2014లో కేరళ ప్రభుత్వ జె.సి.డేనియల్ పురస్కారం దాకా వెళ్లాడు. అందులో నాయిక సీమ కూడా పెద్ద నటి అయింది. కాబట్టి ఆ గీత దాటడం ఆడవాళ్లకి అసాధ్యమని అనలేను. దాటనిచ్చే పాత్రలు సీమకు వచ్చినట్టు విజయలక్ష్మికి రాలేదని మాత్రం అనగలను.

“పైసలు తీసుకున్నది గదా బిడ్డా, ఎవడన్న బలవంతం జేసిండా?” అనేవాడు మా గదిలో ఒక పెద్దాయన. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆమెను ఏమీ తెలియని అమాయకురాలిని చేస్తే అది ఇంకో అవమానం. కాని పైసలు తీసుకున్నది ఆమె ఒక్కతేనా? నిర్మాత తీసుకున్నాడు, దర్శకుడు తీసుకున్నాడు, డిస్ట్రిబ్యూటరు, పార్లరువాడు తీసుకున్నారు. ఆ పైసలు ఇచ్చింది మేము. ఆ పని తప్పయితే అందరికీ తప్పే. తప్పు కాకపోతే ఆమెకీ కాదు. లాభం ఇంతమంది పంచుకున్నాక సిగ్గు మాత్రం ఒక్కరి కూలిలోంచే ఎందుకు కోయాలి?

నా వాటా సంగతి కూడా చెప్పాలి. ఆ సినిమా చూసినందుకు నాకు పెద్ద పశ్చాత్తాపం లేదు. ఇల్లు వదిలి వచ్చిన కుర్రవాళ్లం, చూశాం. చూసి బయటికొచ్చి ఆమెను తిట్టినందుకు ఉంది. చీకట్లో కావలసిన మనిషి వెలుగులోకి రాగానే చెడ్డదైపోయింది. ఆ తీర్పు చెప్పే అర్హత అందరికంటే తక్కువ ఉన్నది చూసినవాడికే. అందరికంటే గట్టిగా చెప్పిందీ వాడే.

2011లో ఆమె జీవితాన్ని తలపించే ‘ది డర్టీ పిక్చర్’ వచ్చింది. అందులో నటించిన విద్యాబాలన్‌కి జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. సంతోషమే. అలాంటి బతుకును నటించినందుకు దక్కిన గౌరవం, బతికిన మనిషికి దక్కలేదు.

ఈమధ్య ఇంట్లో ‘సీతాకోకచిలుక’ చూస్తుంటే మా అమ్మాయి అడిగింది, “గీమె ఎవలు బాపూ?” అని. నోటిదాకా పాత మాటే వచ్చింది. ఆపుకొని, “విజయలక్ష్మి. కొవ్వలి ఆమె. మంచి నటి” అన్నాను.

“మరి పేరు వేరే పడ్డది గదా?”

దానికి జవాబు చెప్పడానికి ఆ రాత్రి చాలాసేపు పట్టింది. పార్లరు సంగతి కూడా చెప్పవలసి వచ్చింది.