ఏ అల కూల్చింది?



సముద్రపు ఒడ్డున నిటారుగా నిలిచిన కొండచరియను చూస్తే దీన్ని ఎవరు కదిలించగలరు అనిపిస్తుంది. అల కదిలిస్తుంది. అదీ పైనుంచి కాదు, అడుగునుంచి.

అల కొట్టినప్పుడు రాతి పగుళ్లలోని గాలి నొక్కుకుపోతుంది. అల వెనక్కి తగ్గగానే అది ఒక్కసారిగా విడివడుతుంది. ఇలా లెక్కలేనన్ని సార్లు జరిగి పగులు పెద్దదవుతుంది. అల మోసుకొచ్చే గులకరాళ్లు, ఇసుక చరియ పాదాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి. అడుగున గుల్ల ఏర్పడుతున్నా పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. చివరికి ఒకనాడు పైభాగం తన బరువు తానే మోయలేక విరిగిపడుతుంది.

ఇంగ్లండు తూర్పు తీరాన, సఫోక్ ప్రాంతంలో డనిచ్ అనే ఊరుంది. మధ్యయుగాలలో అది పేరుపొందిన రేవు పట్టణం. దేవాలయాలు, సన్యాసుల మఠాలు ఉండేవి. అయితే అక్కడి చరియ గట్టి రాయి కాదు, ఇసుక, గులకరాళ్లు కలిసిన మెత్తని నేల. 1286లోను, 1328లోను పెనుతుఫానులు దెబ్బతీశాయి. ఆ తరువాత శతాబ్దాల తరబడి వీధులు, దేవాలయాలు ఒక్కొక్కటే కడలిలో కలిశాయి. చివరగా మిగిలిన సకల పునీతుల దేవాలయం 1904లో చరియ అంచుకు చేరింది. ముక్కలు ముక్కలుగా పడిపోతూ 1919లో దాని గోపురమూ కూలింది. నేడు డనిచ్ ఒక చిన్న గ్రామం.

ఒక సంగతి గమనించండి. ఆ గుడిలో ఆరాధన ఆగిపోయింది 1904లో కాదు, 18వ శతాబ్దంలోనే. పట్టణం చిక్కిపోయి, గుడిని నిలబెట్టుకునే శక్తి లేక జనం వదిలేశారు. అంటే సముద్రం చేరేసరికే అది ఖాళీ గుడి!

విడిపోతామంటూ గురువు దగ్గరకు వచ్చే భార్యాభర్తలను "ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే పెద్ద గొడవ జరిగిన రోజు చెబుతారు. మరికాస్త సేపు కూర్చోబెడితే అసలు సంగతులు బయటపడతాయి. కలిసి భోంచేయడం మానేశారు. జీతం లెక్క దాచడం అలవాటైంది. పండుగనాటి ఒక్క గ్లాసు ప్రతి శనివారానికి వచ్చింది. ట్యూషన్లనీ, టీవీ అనీ, సెల్‌ఫోన్ అనీ సాయంకాలపు జపమాల తప్పింది. పెద్ద గొడవ చివరి అల మాత్రమే.

అలాగని కష్టం వచ్చిన ప్రతి ఇంటినీ వేలెత్తి చూపకండి. ఉప్పాడ తీరంలో ఇళ్లు కోల్పోయిన మత్స్యకారులు ఏ పాపం చేశారని? సముద్రం ఎవరి పాపపుణ్యాలూ లెక్కచూడదు. మనం పరిశీలించుకోవలసింది పొరుగింటి పునాదిని కాదు, మన ఇంటి పునాదిని.

కూలిన చరియలోనూ మనకొక ఆశ ఉంది. విరిగిపడిన మట్టి, రాళ్లు చరియ పాదం దగ్గరే కుప్పగా నిలిచి, కొంతకాలం తరువాతి అలలకు తామే అడ్డుగా ఉంటాయి. సముద్రం ఆ కుప్పను ఊడ్చుకుపోయాకే చరియకు మళ్లీ దెబ్బ. మన పతనమూ అంతే. పడిన తరువాత మనసులో కొంతకాలం సిగ్గు, బాధ, వినయం మిగులుతాయి. అవే మనకు రక్షణ. ఆ సమయంలోనే పాపసంకీర్తనానికి రండి, ఆ సమయంలోనే భార్యను, భర్తను, అన్నదమ్ముణ్ణి క్షమాపణ అడగండి. "వచ్చే పండుగకు చూద్దాంలే" అంటే, అహంకారం ఆ కుప్పను కాస్తా ఊడ్చుకుపోతుంది.

మత్తయి సువార్తలో ప్రభువు చెప్పిన రెండు ఇళ్ల ఉపమానం మీకు తెలుసు. వాన, వరద, గాలి రెండింటినీ కొట్టాయి. తేడా అంతా అడుగున ఉంది. ప్రభువు మాట విని దాని ప్రకారం నడిచేవాడి ఇల్లు నిలిచింది.

ఈ రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోండి. ఒక్క పది పూసలైనా కలిసి చెప్పండి. ఎవరి మనసు ఎవరు నొప్పించారో, దీపం ఆర్పకముందే మాట్లాడుకోండి. అల రోజూ వస్తుంది కనుక మన ప్రార్థనా రోజూ ఉండాలి.

ప్రభువు మీ కుటుంబాలను స్థిరపరచి దీవించునుగాక. ఆమెన్.