ఉద్ది: కోలాటంలో జత, సమత, నైపుణ్యం

కోలాటంలో ఎదురెదురుగా నిలిచి కోలలు తాకించే ఇద్దరిని 'ఉద్ది' అంటారు. జత అనీ, సాటి అనీ ఈ మాటకు రెండర్థాలు. ఆటలో జత కుదరడమూ, సాటి కావడమూ ఒకటేనా అన్నది విచారించదగిన ప్రశ్న.

వాల్ట్జ్, టాంగో వంటి పాశ్చాత్య జంట నృత్యాలలో నడిపించేది పురుషుడు, అనుసరించేది స్త్రీ అనే సంప్రదాయం చాలాకాలం సాగింది. అక్కడ స్త్రీపురుషుల సంఖ్య సరిపోకపోవడమే పెద్ద చిక్కు. కోలాటానికి సరిసంఖ్య ఉంటే చాలు. ఇద్దరి చేతుల్లోనూ అవే కోలలు, ఇద్దరికీ అదే తాళం. అయినా సంఖ్య సరిపోయినంత మాత్రాన సమత సిద్ధించదు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒకప్పుడు ప్రధానంగా పురుషులు ఆడిన కోలాటాన్ని నేడు ఎక్కువగా మహిళా బృందాలు ఆడుతున్నాయి. పగలు పత్తి తీసి, మిరపకాయలు కోసిన చేతులే రాత్రి కోలలు పడతాయి. ఇంటిపని ముగించుకొని ఆలస్యంగా వచ్చే స్త్రీ కోపు నేర్వడంలో వెనుకబడితే, దానిని ఆమె ప్రతిభాలోపంగా నిర్ణయించడం న్యాయం కాదు.

బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) స్త్రీ పాత్రాభినయంతో ప్రఖ్యాతుడై, 1956లో పద్మశ్రీ పొందారు. నైపుణ్యం లింగానికి కట్టుబడదని ఆయన కళ నిరూపించింది. కానీ స్త్రీలకు రంగస్థల ప్రవేశం అరుదైన ఆ కాలంలో అలా నిరూపించే అవకాశం దక్కింది పురుషునికే. నైపుణ్యం ఎవరి సొత్తూ కాకపోయినా, దానిని సాధించే చోటు కొందరిదే అయింది.

నేర్పరిని నేర్పరితోనే జతచేస్తేనే ఆట రక్తి కడుతుందన్న వాదన ఉంది. ప్రదర్శన నాటికి అది సబబే. అభ్యాసంలోనూ అదే పాటిస్తే కొత్తవారికి కొత్తవారే ఉద్ది అవుతారు. తప్పును దిద్దేవారు ఎదుట ఉండరు. జడకోలాటంలో పైనుంచి వేలాడే తాళ్ళను ఆడుతూనే జడగా అల్లి, తిరిగి విప్పాలి. ఒక్కరి అడుగు తప్పితే అందరి తాళ్ళూ చిక్కుపడతాయి. కనుక నేర్పరి కొత్తవారికి ఎదురు నిలవడం దయ కాదు, ఆట పట్ల బాధ్యత.

పురుషులు తిరిగి వలయంలో చేరిన చోట సంఖ్యలో సమతూకం రావచ్చు. అయితే బృందాన్ని నడిపే వంతు స్త్రీల చేజారితే అది జతే అవుతుంది గాని సాటి కాదు. నేర్చుకొనే వంతూ, నడిపే వంతూ అందరికీ దక్కినప్పుడే 'ఉద్ది' అన్న మాటకు రెండర్థాలూ నిలుస్తాయి.