వినోదమా? కైంకర్యమా?

గృహస్థునకు నిత్యకర్మానుష్ఠానము, కుటుంబపోషణము, అతిథిసత్కారము మొదలగు విధులు ముగిసిన పిమ్మట దినమున కొంత కాలము మిగులును. ఆ మిగిలిన కాలమున కొందరు దండలు కట్టుదురు. కొందరు బొమ్మలు చేయుదురు. కొందరు ముగ్గులు దిద్దుదురు, గుడ్డపై పూలు కుట్టుదురు, పద్యము లల్లుదురు. దీనివలన వారికి ధనము చేకూరదు. దీనిని చేసితీరవలెనని శాస్త్రమును విధింపలేదు. అయినను ఆ పనియందు వారు పొందు సంతోషము ఇంతింతనరానిది. ఈ సంతోషము భగవత్ప్రాప్తికి అనుకూలమా, ప్రతికూలమా, లేక రెండును కాని ఉదాసీనవిషయమా? ప్రశ్న చిన్నదిగ కనబడును గాని, దీని లోతు గొప్పది.

ఒకమారు ధనుర్మాస ప్రవచనము ముగిసిన వెనుక ఒక పెద్దముత్తైదువ నన్ను సమీపించి యిట్లడిగినది: "పంతులుగారూ, ఇంట్లో కోడళ్ళు వచ్చారు, నాకు పని తగ్గింది. పాతచీరల పీలికలతో బొమ్మలు, పూసలతో తోరణాలు చేస్తూ ఉంటాను. మా మరిదిగారు 'ఈ వయసులో కృష్ణా రామా అనుకోక ఈ బొమ్మలాటలేమిటి వదినా' అని నొచ్చుకుంటున్నారు. మానెయ్యమంటారా?" ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. విజయవాడ వీథులయందును, కృష్ణాతీరగ్రామములందును, మన పాఠకుల యిండ్లలో ఎన్నింటనో ఇది వినబడుచునే యున్నది. కావున శాస్త్రదృష్టితో విచారింపదగియున్నది.

మరిదిగారి మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆయన పక్షమున బలమైన ప్రమాణమే కలదు. శ్రీమద్భాగవత పంచమస్కంధమున జడభరతోపాఖ్యానమును తలచుకొనుడు. సామ్రాజ్యమును, పుత్రమిత్రకళత్రాదులను విడిచి వనమునకేగిన భరతుడు, ఏటిలో కొట్టుకొనిపోవుచున్న లేడిపిల్లను కాపాడెను. కాపాడుట తప్పు కాదు, అది భూతదయ. కాని క్రమముగా చిత్తము దానికే అంటుకొనిపోయి, మరణకాలమున దానినే తలచుచు మరుజన్మమున లేడియై పుట్టెను. రాజ్యము బంధింపలేనివానిని లేడిపిల్ల బంధించినది! అట్లైనచో మనచేత పుట్టిన బొమ్మ మనలను బంధింపదా? తాను చేసిన వస్తువుపై మమకారము తాను కొన్న వస్తువుపై మమకారముకంటె గట్టిది గదా! ఇది పూర్వపక్షము.

ఇక సిద్ధాంతము. పూర్ణకాముడైన పరమాత్మ ఈ జగత్తును ఏల సృజించెను? ఆయనకు కావలసినదేదియు లేదే! ఈ శంకను బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమున బాదరాయణులు లేవనెత్తి, సృష్టి ఆయనకు కేవలము లీల యని సమాధానము చెప్పిరి. శ్రీభాష్యమున భగవద్రామానుజులు దీనిని వివరించుచు ఒక రాజును దృష్టాంతముగ చూపిరి. సప్తద్వీపములతో కూడిన భూమిని ఏలుచు, శౌర్యపరాక్రమములకు కొరతలేని మహారాజు బంతియాట ఆడును. ఆ యాటవలన అతడు పొందవలసిన రాజ్యము లేదు. ఆటయే దానికి ప్రయోజనము. అట్లే భగవంతుని సృష్టియు.

ఈ దృష్టాంతమునందలి మర్మమును గమనింపుడు. లోటు తీర్చుకొనుటకై చేయు పని యొకటి. నిండుదనమునుండి పొంగి వచ్చు పని మరియొకటి. మన లౌకికవ్యాపారములలో అధికభాగము మొదటి జాతికి చెందినవి. ఆకలిచే వండుదుము, భయముచే దాచుదుము, కీర్తికై దానము చేయుదుము. ఫలాపేక్ష లేక, చేయుటయందలి ఆనందముచేతనే చేయు పని మన బ్రదుకులో మిక్కిలి కొంచెము. ముదుసలి యిల్లాలు పీలికలతో బొమ్మ చేయునపుడు ఆమె సృష్టికర్తతో సమాన మనుట అపచారము. కాని ఆయన లీలకు అది మిక్కిలి చిన్న ఛాయ యనుట అపచారము కాదు. ఆనందమయుని శరీరభూతుడైన జీవునియందు ఆనందపు చెమ్మ యుండుట సహజమే.

భగవంతుడు అవతారదశయందు ఈ కళలను చిన్నచూపు చూడలేదు. రామకృష్ణులు సాందీపనిమహర్షి యొద్ద 64 అహోరాత్రములలో 64 కళలను నేర్చిరని భాగవతము చెప్పుచున్నది. వ్యాఖ్యాతలు పేర్కొన్న ఆ కళల పట్టికలో సంగీతనృత్యములేకాక, పూలదండలు కూర్చుట, బియ్యముతోను పూలతోను రంగవల్లులు తీర్చుట, కుట్టుపని, కొయ్యపని మున్నగునవి కలవు. వేదములు తన నిశ్వాసములైనవాడు దండ కట్టుట నేర్చుకొన్నాడు! మనము నేర్చినచో తక్కువ యగునా?

ఈ విషయమున మన కృష్ణామండలమునకు ప్రత్యేకమైన భాగ్యము కలదు. శ్రీకృష్ణదేవరాయలు (పాలనాకాలము 1509–1529) కళింగదండయాత్రలో భాగముగ ఈ సీమకు వచ్చి, 1515 ప్రాంతమున కొండవీడు, కొండపల్లి దుర్గములను సాధించెను. ఆ యాత్రలో విజయవాడయందు కొన్నిదినములు విడిసి, కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించినట్లు తానే ఆముక్తమాల్యద పీఠికలో చెప్పుకొనెను. నాటి రాత్రి స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, సంస్కృతమున పెక్కు కృతులు చేసిన నీకు తెనుగున ఒక కృతి చేయుట అసాధ్యమా యని యడిగి, గోదాదేవితోడి తన వివాహకథను వ్రాయుమని యాజ్ఞాపించెనట. ఖడ్గము చేతబట్టి బయలుదేరిన ప్రభువుతో స్వామి కోట నడుగలేదు, కానుక నడుగలేదు. అతనికి ప్రియమైన పని యేదో దానినే అడిగెను. రాయలకు కవిత్వము వృత్తి కాదు, జీవిక కాదు. శ్రీభాష్యమునందలి రాజు బంతియాటవంటిది. ఆ యాటనే స్వామి తన సేవగా గ్రహించెను. 6 ఆశ్వాసముల ఆ కావ్యము నేటికిని మనకు శిరోధార్యమై యున్నది.

స్వామి కోరిన కథ కూడ ఒక చేతిపని కథయే. విల్లిపుత్తూరున విష్ణుచిత్తులు తులసిదండలు, పూదండలు కట్టి వటపత్రశాయికి సమర్పించుచుండిరి. వారి కుమార్తె గోద ఆ దండను ముందుగ తాను ధరించి, తన సొగసు స్వామికి తగియున్నదా యని చూచుకొని, మరల బుట్టలో పెట్టుచుండెను. తండ్రి చూచి కలతచెందెను. ఆచారదృష్టితో ఆయన బాధ న్యాయమే. కాని స్వామి తీర్పు వేరుగ నుండెను: గోద ధరించిన దండయే తనకు ప్రియమని చెప్పెను. ఆ బాలిక యానందము ఆ మాలకు మైల కాలేదు; పరిమళమైనది. ఏలనగా ఆమె తన సొగసును తనకొరకు చూచుకొనలేదు. అద్దములో ఆమె చూచినది తన ముఖమునే యైనను, తలచినది స్వామినే. సంతోషమును మానుకొనుట కాదు కావలసినది. ఆ సంతోషము ఎవరివైపు తిరిగియున్నదో చూచుకొనుట కావలసినది. ఈ భేదమును గ్రహించినచో మన ప్రశ్నకు సగము సమాధానము దొరకినట్లే.

మిగిలిన సగము మధురాపురవీథిలో లభించును. దశమస్కంధమున రామకృష్ణులు మధురలో ప్రవేశించినపుడు ముగ్గురు చేతిపనివారు ఎదురైరి. మొదటివాడు బట్టలుతికి రంగులద్దు రజకుడు. రెండవవాడు వస్త్రాలంకారము చేసిన నేతగాడు. మూడవవాడు సుదాముడను మాలాకారుడు. ముగ్గురును నిపుణులే. నేతగాడు రంగురంగుల వస్త్రములతో వారి నలంకరించెను. సుదాముడు పూజించి మాలలర్పించెను. ఇరువురును అనుగ్రహపాత్రులైరి. రజకుడు మాత్రము హతుడైనాడు. ఇచట నొక శంక కలుగును: వాడు మోసుకొని పోవుచున్నవి కంసుని వస్త్రములు గదా, యజమాని సొత్తును ఇతరులకు ఈయకపోవుట ధర్మము కాదా? కథను జాగ్రత్తగా చదివినవారికి సమాధానము తెలియును. వాడు వినయముతో నిరాకరింపలేదు. అడవులలోను కొండలలోను తిరుగువారికి ఇట్టి వస్త్రములా యని గేలిచేసి, రాజభటుల పేరు చెప్పి బెదరించెను. తనది కాని వస్తువును చూచుకొని గర్వించుట వాని దోషము. మన నైపుణ్యము మాత్రము మనదా? వ్రేళ్ళ నిచ్చినవాడు, కన్ను లిచ్చినవాడు, రంగుల నిచ్చినవాడు వేరొకడు. దానిని చూచుకొని ఇతరుల పనిని గేలిచేయువాడు రజకుని మార్గముననే నడచుచున్నాడు.

అట్లైనచో మన వినోదము బంధమో, కైంకర్యమో తెలియుటెట్లు? మూడు పరీక్షలు చెప్పవచ్చును.

మొదటిది: దానివలన స్వధర్మమునకు లోపము కలుగుచున్నదా? పసివాడు ఆకలితో ఏడ్చుచుండగా చిత్రము గీయుట కళ కాదు, కర్తవ్యలోపము. అప్పుచేసి బొమ్మలకొలువు పెట్టుటయు అట్టిదే.

రెండవది: వస్తువు నశించినపుడు చిత్తము నశించుచున్నదా? దీనికి మన యింటి ముంగిటి ముగ్గును మించిన గురువు లేదు. ధనుర్మాసమున ఇల్లాలు చలిలో లేచి, కల్లాపి చల్లి, చుక్కలు పెట్టి, బియ్యపుపిండితో ముగ్గు దిద్ది, గొబ్బెమ్మల నుంచును. ప్రొద్దెక్కునప్పటికి పిండిని చీమలు తినును, పిచ్చుకలు తినును, బండ్లు త్రొక్కును. ఆమె దుఃఖింపదు, మరునాడు మరియొక ముగ్గు. ఫలత్యాగమును గూర్చి గీతాచార్యుడు బోధించినదానిని ఆమె వాకిటిలో ఆచరించి చూపుచున్నది. ముగ్గుల పందెమున బహుమానము రాలేదని మూడుదినములు అన్నము మానినచో, అదే పిండి, అదే చేయి, బంధహేతువైనది.

మూడవది: చేసినదానిని ఈయగలుగుచున్నామా? దేవునకు గాని, బిడ్డకు గాని, పొరుగువారికి గాని సంతోషముతో ఇచ్చినవాడు దానికి బద్ధుడు కాడు. భరతుడు లేడిని కాపాడి అడవికి విడిచియున్నచో మరుజన్మమే లేదు.

ఈ సందర్భమున గృహస్థులు తప్పక తలచుకొనవలసినది మరియొకటి యున్నది. మనకు వినోదమైనది మరియొకరికి అన్నము. మన కొలువులలో నిలుచు దశావతారములు, ఏనుగుపై అంబారీ, గోపికాకృష్ణులు విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో పుట్టినవి. అచటి శిల్పులు తేలికయైన తెల్లపొణికి కర్రను ఎండబెట్టి, సన్నని సెగపై చెమ్మ తీసి, అవయవములను వేరువేరుగ చెక్కి, రంపపుపొట్టును చింతగింజల పిండిని కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, మేకవెండ్రుకల కుంచెతో కన్నులు తీర్చుదురు. మచిలీపట్నము సమీపమున పెడనలో కలంకారీ అద్దకపువారు బట్టను కరక్కాయ, పాలలో తడిపి, ఇనుపతుప్పును బెల్లమును పులియబెట్టి నలుపును, పటిక ఊతముగా ఎరుపును రప్పించి, కొయ్య అచ్చులతో పూలు అద్ది, పారునీట జాడించుదురు. ఒక్క వస్త్రమునకు ఎన్ని చేతులు, ఎన్ని దినములు! అంగడిలో యంత్రపు సరకుతో పోల్చి అట్టి పనివానితో గీచిగీచి బేరమాడి, ఆ బొమ్మనే ఇంట పీఠముపై నుంచి పూజించుట ఏపాటి భక్తి? సుదాముడు దండలమ్మి జీవించువాడే; అతనికి భగవంతు డనుగ్రహించిన వరములలో భక్తితోపాటు సంపదయు కలదు. పనివాని కడుపు నిండుట భగవదభిమతమే యని దీనివలన తెలియుచున్నది. స్వయముగ ఒక చిన్నబొమ్మ చేయబూనినవారికి ఆ పని విలువ తెలియును. అపుడు బేరమాడు నోరు తనంత తాను మూతపడును. చేతిపని నేర్చుటవలన కలుగు ధర్మలాభములలో నిది యొకటి.

నేడు తీరిక కాలమును సెల్‌ఫోను తెర మ్రింగుచున్నది. ఇతరులు పాడినది వినుట, ఇతరులు గీసినది చూచుట దోషము కాదు. కాని వేయి ముగ్గులు తెరపై చూచిన కన్నుకంటె ఒక వంకరముగ్గు దిద్దిన చేయి ధన్యము. చూచుటలో చిత్తము ఒకదానినుండి వేరొకదానికి దూకును. చేయుటలో ఒకచోట నిలుచును. నిలిచిన చిత్తమే ధ్యానమునకు పనికివచ్చును. పిల్లలకు జపమాల నిచ్చుటకు ముందు పూలబుట్ట నిచ్చి దండ కట్టించుడు. వ్రేళ్ళు కుదిరినచో మనస్సు కుదురుటకు దారి యేర్పడును.

ఇక ఆ ముత్తైదువకు నేను మనవిచేసిన సమాధానము: "మానవద్దమ్మా. మీ మరిదిగారిని నొప్పించనూవద్దు. ఆయన కోరేదీ మీ మేలే. కుట్టు కుట్టుకీ ఒక నామం చెప్పుకోండి. బొమ్మ పూర్తయ్యాక మొదట స్వామికి చూపించండి, తరువాత ఇరుగుపొరుగు పసిపిల్ల ఎవరికైనా ఇచ్చెయ్యండి. దాచుకోకండి." నామస్మరణము, సమర్పణము, దానము—ఈ మూడును చేరినచో పీలికబొమ్మ కూడ తులసీదళముతో సమానమగును. చేయు ప్రతి పనిని తనకే అర్పింపుమని గీత తొమ్మిదవ అధ్యాయమున ఆజ్ఞాపించిన స్వామి, తీరికవేళ చేయు పనిని అందుండి మినహాయింపలేదు.

కావున భాగవతోత్తములారా, చేతులకు వచ్చిన విద్యను విడువకుడు. దానియందు గర్వమును మాత్రము విడువుడు. మనము చేయునది బొమ్మ, చేయించువాడు స్వామి. ఆ స్వామి చేతిలో మనమును బొమ్మలమే. ఈ యెరుక కలిగినవానికి వినోదమే కైంకర్యమగును. శ్రీకాకుళాంధ్రదేవుడు మన కరములను తన సేవయందు వినియోగించుకొనుగాక!